తగలని దెబ్బల చప్పుడు

గుద్దులక్క క్యాబేజీని తడి తోలుముక్కలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పిడికిలితో ఒక్కటిచ్చింది. సరిగ్గా అదే క్షణంలో ఎదురుగా ఉన్న తెరమీద ఇనుపగెడ్డం అనే బండమనిషి నీలిపట్టీ అనే పిల్ల మీదికి పిడికిలి విసిరాడు. పిల్ల వెళ్లి గోడకి ఆనుకుంది. అద్దం అవతల కూర్చున్న రికార్డింగ్ తమ్ముడు చెవులకున్న డొప్పలు సర్దుకుని బొటనవేలు పైకెత్తాడు.

"బాగా పడిందక్కా. కడుపులోకి దిగినట్టుంది."

"దిగదూ మరి! పొద్దున్నే కూరగాయల కొట్టువాడితో గొడవపడి తెచ్చాను. గట్టిది ఇవ్వవయ్యా అంటే, లేతదైతే కూరకి బాగుంటుందమ్మా అంటాడు. కూరెవడు చేస్తాడు, కొట్టడానికీ అన్నాను. అదోలా చూసి, బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాడు."

ఆ గది స్టూడియోలో అన్నిటికన్నా చివరిది. మెట్లకింద ఉంటుంది. గోడలకి పాత తివాచీలు మేకులతో కొట్టి ఉంటాయి. నేలమీద గళ్లు గళ్లుగా ఇసుక, కంకర, చెక్కపలకలు, రేకు, ఎండుటాకులు. అటకలనిండా చెప్పులు, బూట్లు, ఒంటికాలి జోళ్లు. ఒక మూల ఏ ఇంటికీ చెందని తలుపొకటి చట్రంతో సహా నిలబడి ఉంటుంది. దాన్ని ధడాలున వేసి ఎన్ని సినిమాల్లో ఎంతమంది అల్లుళ్లు అలిగి వెళ్లిపోయారో ఆ తలుపుకే తెలియాలి. సినిమాలో మనిషి నడిస్తే మనకి వినిపించే అడుగు చాలాసార్లు ఆ మనిషిది కాదు, గుద్దులక్కది. ఇక బొమ్మల సినిమా అయితే అడిగే పనే లేదు. గీసిన బొమ్మ తనంతట తాను కిక్కురుమనదు. దాని అడుగూ, దాని గుద్దూ, దాని చొక్కా రెపరెపా అన్నీ ఎవరో ఒకరు చేసి పెట్టాల్సిందే.

ఈసారి వచ్చింది బొమ్మల సినిమాయే. అంతకుముందు అది సినిమా కాదు, ఆట. తెరమీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఆడేవాళ్లు మీటలు నొక్కుతుంటే వాళ్లు తన్నుకుంటారు. ఒక్కొక్కరి నెత్తిమీద ఒక్కో గీత ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా అది తరుగుతుంది. ఎవరి గీత అయిపోతే వాళ్లు కింద పడతారు. కథ అంతే. వీళ్లెందుకు తన్నుకుంటున్నారని ఆడేవాళ్లలో ఒక్కడూ ఏనాడూ అడగలేదు. సినిమా తీద్దామనుకునేసరికి మాత్రం అందరికీ ఆ సందేహం పట్టుకుంది. కథారచయితలు ఒక పెద్ద బల్ల చుట్టూ చేరి నీలిపట్టీకి ఒక నాన్నని ఇచ్చారు. తెరమీద పేర్లు పడేలోపే ఆయన్ని చంపేశారు కూడా. ఇనుపగెడ్డానికి చిన్నప్పటి అవమానం ఒకటి దొరికింది. పిల్ల చేతికున్న నీలంగుడ్డకి సైతం ఒక గతం వచ్చింది. అది చచ్చిపోయిన అమ్మ తలకి కట్టుకున్న గుడ్డట. ఆటలో అది నీలంగా ఉండటానికి కారణం ఎదుటివాడిది ఎర్రగా ఉండటమే.

ఇవన్నీ మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి ఒకడున్నాడు. అతను దర్శకుడు. ఉక్కపోతలో కూడా మెడచుట్టూ మఫ్లరు తియ్యడు. ఆ పూట అతను గదిలోకి వచ్చి, కుర్చీని వెనక్కి తిప్పి, దాని వీపు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"దెబ్బ బాగుందక్కా. కానీ అందులో నాన్న వినిపించడం లేదు."

"ఎవరి నాన్న?"

"నీలిపట్టీ నాన్న. ఈ చివరి పోరాటంలో ఆమె ఓడిపోతోంది. పడే ఒక్కో దెబ్బా ఒక్కో జ్ఞాపకం. ఒంటికి తగిలినట్టు కాదక్కా, జీవితానికి తగిలినట్టుండాలి."

"జీవితానికంటే... పక్కటెముకల దగ్గరా, ఇంకా పైనా?"

తమ్ముడు అద్దం వెనక ఏదో కింద పడినట్టు వంగిపోయాడు.

"మీరు ప్రతిదీ చోటుతో చూస్తారు. నేను బాధతో చూస్తాను."

"చూడు బాబూ, కాదన్నానా? బాధకి నా దగ్గర క్యాబేజీ ఉంది, తడి తువ్వాలుంది, ఎముకలకి క్యారెట్లున్నాయి. ఏది కావాలో చెప్పు, కొడతాను."

దర్శకుడు కళ్లు మూసుకున్నాడు. లోపల ఎక్కడికో వెళ్లి వచ్చినట్టు కాసేపాగి తెరిచాడు.

"అన్నీ" అన్నాడు.

గుద్దులక్క అన్నీ వాడింది. ఆ పిల్లని గోడకి ఆనించి ఇనుపగెడ్డం కుమ్ముతున్నంతసేపూ క్యాబేజీలు చీలాయి, తువ్వాలు పిండుకుపోయింది, క్యారెట్లు ఫెళ్లుఫెళ్లుమన్నాయి. చివర్లో పిల్ల తిరిగి కొట్టే ఒకే ఒక్క దెబ్బకి కొండ విరిగినట్టుండాలన్నాడు కాబట్టి కారు తలుపు, రేకు, కంకర గంప కూడా కలిశాయి. నిజం చెప్పుకోవాలంటే ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకి ఒళ్లు మరిచిపోయినంత ఆనందం. నీరసంగా కొట్టడం ఆమె ఒంట్లో లేదు. నా చేతి దెబ్బ వింటే కొట్టించుకున్నవాడు కాదు, టిక్కెట్టు కొన్నవాడు అమ్మా అనాలి అని చెప్పుకోవడం ఆమెకి అలవాటు. ఆ మాట వినని మనిషి స్టూడియోలో లేడు. వాచ్‌మన్ అయితే దాన్ని ఆమెకన్నా ముందే అనేస్తాడు.

దర్శకుడు వెళ్లాక తమ్ముడు అద్దం పక్కనున్న తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"అక్కా, రేపు మధ్యాహ్నం ఆట కంపెనీవాళ్లు ఈ పోరాటం చూస్తారట."

"చూడనీ."

"వాళ్ల దగ్గర రెడీమేడ్ చప్పుళ్ల డబ్బా ఉందట. గుద్దులు, తన్నులు, అడుగులు, అన్నీ కంప్యూటర్‌లోనే. రేపు వాళ్లకి నచ్చకపోతే సినిమా మొత్తానికి మన చప్పుళ్లు తీసేసి అవే అంటిస్తారు. ఆ తర్వాత ఈ గదితో పనుండదని మన స్టూడియో మేనేజరు అంటున్నాడు."

"అంటే?"

"పొద్దున మీరు కూరగాయలకి వెళ్లినప్పుడు టేపు పట్టుకొచ్చి కొలిచి వెళ్లాడు. కాఫీ మెషినూ, నాలుగు కుర్చీలూ పడతాయట."

గుద్దులక్క చీలిపోయిన క్యాబేజీని బుట్టలో పడేసింది. "పడతాయి. ఆ తలుపు మాత్రం పట్టుకెళ్లమను. వాడి గదికి గొళ్లెం సరిగ్గా పడదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం, తుడిచిన చెయ్యినే మళ్లీ తుడుస్తున్నాయి.

ఆ గదికి ఆమెని ఎవరూ పిలిచి కూర్చోబెట్టలేదు. ఒకప్పుడు ఆమె స్టూడియోలో దుస్తులు కుట్టేది. హీరోల నడుములు పెరిగినప్పుడల్లా కుట్లు విప్పేది, కొత్త ప్రేయసి వచ్చి తగ్గినప్పుడల్లా మళ్లీ బిగించేది. ఒకనాడు అడుగుల చప్పుడు చేసే మనిషి అలిగి రాలేదు. తెరమీద ఒక ముసలమ్మ నడవాలి. అక్కడున్న మగవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు నడిచి చూస్తే ముసలమ్మ కవాతు చేస్తున్నట్టు వచ్చింది. బొత్తాలు కుట్టడానికి వచ్చిన ఈమె ఇదంతా చూడలేక, సూది జాకెట్టుకి గుచ్చుకుని, చెప్పులు విడిచి ఆ చెక్కమీద నడిచింది. మడమ ముందు కాదు, వేళ్లు ముందు. మోకాలి నొప్పి ఉన్న మనిషి అడుగు అలాగే పడుతుందని ఆమెకి వాళ్లత్తగారిని చూసి తెలుసు. అంతే, సూది మళ్లీ పట్టలేదు.

నేర్పినవాళ్లు లేరు. అలిగినాయన తిరిగొచ్చాడు గానీ, తన బూట్ల అర తాళం కూడా ఆమెకి ఇవ్వలేదు. ఆమె బజార్ల వెంట పడింది. లావుపాటి వాళ్ల వెనకా, తొందరలో ఉన్నవాళ్ల వెనకా, తాగినవాళ్ల వెనకా చెవి పెట్టుకుని నడిచింది. ఒకావిడ భయపడి పోలీసులకి చెబుతానంది కూడా. అలా నేర్చుకున్న చెవి ఇంట్లోవాళ్లకి శాపమైంది. చుట్టాలు టీ కప్పు కింద పెడితే, "ఆ కప్పు పెట్టడమేంటి వదినా, కోపం వచ్చినట్టు! మళ్లీ పెట్టు" అనేది. వదినలు రావడం తగ్గించారు.

ఇంట్లో మొగుడు ఉన్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా స్టీరింగు పట్టుకున్న చేతులకి ఏం చెయ్యాలో తోచక, మేనల్లుడు వదిలేసి వెళ్లిన ఆట పెట్టె ముందు ఒకనాడు ఊరికే కూర్చున్నాడు. ఇప్పటిదాకా లేవలేదు. భార్య ఏ ఆట మీది సినిమాకి గుద్దుతోందో, ఆయన ఆడేది సరిగ్గా ఆ ఆటే. అయినా ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడితే అది పనికొచ్చే వ్యవహారమని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె భయం. ఆయన ముందుగది నుంచి "కొట్టు! కొట్టు! ఛ!" అని అరిచినప్పుడల్లా ఆమె వంటింట్లో పళ్లు నూరుకునేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె తన పద్ధతి ప్రకారం ఫోను కిటికీలో నిలబెట్టి, పోరాటం చప్పుడు పెట్టుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. పని అప్పగించే ముందు ఎప్పుడూ అంతే. బొమ్మ ఉండదు, చప్పుడొక్కటే. బొమ్మ ఎదురుగా ఉంటే చెవి మొహమాటపడుతుందని ఆమె నమ్మకం.

ముందుగదిలో మీటల చప్పుడు ఆగింది. డ్రైవరుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవర్నే అలా చావగొడుతున్నారు?"

"ఎవర్నీ లేదు. మీరెళ్లి ఆడుకోండి."

"ఆ గొలుసు చప్పుడు ఇనుపగెడ్డం మెళ్లోది కదూ?"

"అవును."

"తింటున్నదెవరు?"

"నీలిపట్టీ."

ఆయన తల పక్కకి వంచి విన్నాడు. ఇంజన్లో ఏ నట్టు వదులైందో వినడానికి బానెట్ మీదికి వంగినట్టే వంగాడు. "ఆడుతున్నవాడెవడో మీటలు పట్టుకోవడం ఇవాళే మొదలుపెట్టాడు. ఒక్కటి, ఒక్కటి కూడా కాచుకోలేదు."

"ఎవడూ ఆడటం లేదు. సినిమా! చివరి పోరాటం. దెబ్బలు తిని తిని ఆఖర్న ఒకే ఒక్కటి కొట్టి గెలుస్తుంది."

"ఎక్కణ్ణించి గెలుస్తుంది? నువ్విచ్చిన ఆ మొదటి గుద్దులకే గీత సగం పోయింది. ఆ కంకర మీద అడుగులొచ్చేసరికి ఖాళీ. అక్కణ్ణించి వాడు కొడుతున్నది శవాన్ని."

"అందులో జ్ఞాపకాలున్నాయి. నాన్న ఉన్నాడు" అంది గుద్దులక్క. దర్శకుడి మాట తన నోట్లోంచి ఊడిపడేసరికి ఆమెకే సిగ్గేసింది.

"నాన్న ఉంటే గీత నిండుతుందా?"

"ఇన్నేళ్లు బస్సు తోలారు. గేరు ఎలా వెయ్యాలో నేనెప్పుడైనా చెప్పానా?"

"రోజూ చెప్పేదానివి. ఇవాళ నేను చెబుతా, రా."

ఆమె వెళ్లేది కాదు. కానీ కొడుతున్నది శవాన్ని అన్న మాట చెవిలో ముల్లులా దిగబడింది. కత్తి చేతిలోనే పట్టుకుని వెళ్లింది. ఆయన ఆమె కుర్చీని టీవీకి వీపు వచ్చేలా తిప్పి కూర్చోబెట్టాడు.

"చూడకు. విను." మీటలు టకటకలాడాయి. "ఇది తగిలింది. ఇదీ తగిలింది. ఇప్పుడు కాచుకున్నా. ఇదిగో, ఇదీ కాచుకున్నా. ఇది తగి... అబ్బా, తగిలింది, నీతో మాట్లాడుతూ."

ఆమెకి తేడా మొదటిసారికే వినపడింది. తగిలిన దెబ్బకి తోక ఉంది. మాంసంలోకి దిగి, కాస్త సాగి, తడిగా ఆగుతోంది. కాచుకున్నదానికి తోక లేదు. పొడిగా, పొట్టిగా, మధ్యలోనే ఎవరో కత్తిరించినట్టు ఆగిపోతోంది. ఆమె ఇన్నాళ్లూ వంటింట్లోంచి ఈ రెండు చప్పుళ్లూ రోజూ విని, రెండిటినీ కలిపి "ఆ గోల" అని పేరు పెట్టుకుంది.

"ఆ పొడిది వినపడితే?"

"గీత తరగలేదన్నమాట. మేమెవరమూ గీతవైపు చూడం, వింటూ ఆడతాం. గెడ్డంవాడు పొడిచి పొడిచి అలిసిపోయి, పెద్ద దెబ్బకని చెయ్యి వెనక్కి లాగుతాడు చూడు, అప్పుడొక్కటి ఇచ్చుకుంటే చాలు."

"కాచుకునేటప్పుడు ఆ పిల్ల చేతులెలా పెడుతుంది?"

డ్రైవరుగారు మీటలు పక్కన పెట్టి, రెండు ముంజేతులూ మొహానికి అడ్డంగా నిలబెట్టి, మెడ లోపలికి లాక్కున్నాడు. పొట్ట మినహాయిస్తే అచ్చం నీలిపట్టీయే.

గుద్దులక్క ఆ ముంజేతులకేసి చూసింది. పొద్దుట్నుంచీ తెరమీద ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడ్డది ఇలాగే. తను చూస్తూనే ఉంది. భయంతో మొహం దాచుకుందనుకుంది. అలా అనుకుని ఆ ముంజేతుల మీద పడ్డ ప్రతి గుద్దునీ తీసుకెళ్లి పిల్ల కడుపులో దించింది.

"ఏమైందే?"

"ఏం కాలేదు. మీకిష్టమైన కూర చేస్తున్నాను, నోరు మూసుకుని ఆడుకోండి" అంది. ఆ ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే అదే.

మర్నాడు పొద్దున్నే ఆమె దర్శకుడికి ఫోన్ చేసింది. చెప్పకుండా మార్చడం పద్ధతి కాదని ఆమెకి తెలుసు. అతను ఎత్తాడు.

"అక్కా, ఇవాళ నేను ఎవరితోనూ మాట్లాడను. కంపెనీవాళ్లు చూసేదాకా మౌనంగా ఉండాలని నిర్ణయించుకున్నాను" అని మొదలుపెట్టి, మౌనం ఎందుకు అవసరమో, మౌనం లేక ఎన్ని మంచి సినిమాలు పాడయ్యాయో, తను మొదటిసారి ఎప్పుడు మౌనంగా ఉన్నాడో చెప్పుకుంటూపోయాడు. ఆమె ఊపిరి సందు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు. ఆ తర్వాత అతనే పెట్టేశాడు.

స్టూడియోలో తమ్ముడు బొమ్మని నెమ్మదిగా నడిపించాడు. ఇద్దరూ తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు. పిల్ల కళ్లు చేతుల సందులోంచి తెరుచుకునే ఉన్నాయి. గెడ్డంవాడి భుజాన్నే చూస్తున్నాయి. ఒక్క గుద్దు కూడా ముంజేతుల్ని దాటి లోపలికి పోలేదు. బొమ్మలు గీసినవాళ్లు ఆ ఆట ఆడుతూ పెరిగినవాళ్లు, వాళ్లు సరిగ్గానే గీశారు. ఆడనివాళ్లు మాటలు రాశారు. ఆడనివాడు దర్శకత్వం వహించాడు. ఆడని గుద్దులక్క క్యాబేజీ అందుకుంది.

"నాకు నిన్ననే కాస్త అనుమానం వచ్చిందక్కా" అన్నాడు తమ్ముడు.

"వస్తే నోరు పడిపోయిందా?"

"మీరు అంత హుషారుగా కొడుతుంటే..."

"నా హుషారు తగలెయ్య! తీసెయ్యి. అన్నీ తీసెయ్యి."

"అన్నీనా? దర్శకుడు ఒప్పుకున్న చప్పుళ్లక్కా అవి. మధ్యాహ్నం ఆయన ఎదురుగానే కంపెనీవాళ్లు వింటారు. అవే ఉంచితే, నచ్చకపోయినా నింద ఆయన మీదికి పోతుంది. మారిస్తే మన మీదికి."

"ఉంచితే నచ్చదు. నచ్చకపోతే డబ్బా. నింద ఎవరి మీదికి పోతే ఏంటి, గది కాఫీకే కదా పోయేది? తీసెయ్యి నాన్నా."

తీసేశాక పోరాటం మూగగా నిలబడింది. ఇక ఆ పొడి చప్పుడు ఎక్కణ్ణించి తేవాలన్నది ప్రశ్న. గుద్దులక్క ఇంటికి ఫోన్ కలిపి మైకు పక్కన పెట్టింది.

"వినండి. ఎలా ఉందో చెప్పండి." దళసరి పుస్తకం తీసుకుని బల్లమీద కొట్టింది.

"అది తలుపు" అన్నాడు డ్రైవరుగారు.

తోలు బెల్టు మడిచి చరిచింది.

"ఇది చప్పట్లు. ఎవర్నైనా సన్మానిస్తున్నారా?"

రబ్బరు పట్టాని చుట్టి కర్రతో మోదింది.

"బట్టలుతుకుతున్నావు."

"బావగారూ, కాస్త మర్యాదగా చెప్పండి, అక్క చేతిలో కర్ర ఉంది" అన్నాడు తమ్ముడు.

"నా చేతిలో ఫోనే ఉంది బాబూ, అందుకే ఇంత ధైర్యం. వినవే, దెబ్బ పడుతున్నది వస్తువు మీద కాదు. అటు పక్కన కూడా మనిషే ఉన్నాడు, వాడూ ఎదురు నెడుతున్నాడు. బస్సు బస్సుకి రాసుకుంటే వచ్చే చప్పుడు వేరు, గోడకి రాసుకుంటే వచ్చేది వేరు."

"ఎన్నిసార్లు రాశారేంటి?"

"అది ఇప్పుడెందుకు?"

గుద్దులక్క గదిలో చుట్టూ చూసింది. అటక మీంచి దళసరి అట్టల పొడుగు బూట్ల జత దించింది. రెండు చేతులూ రెండు బూట్లలో మోచేతిదాకా దూర్చింది. మధ్యలో మడిచిన పొడి తువ్వాలు వేలాడదీయమని తమ్ముడికి చెప్పింది. కుడి బూటుతో కొట్టింది. ఎడమ బూటుతో ఎదురు నెట్టింది. తువ్వాలు మధ్యలో నలిగి తోకని మింగేసింది.

ఫోన్లో మీటలు టకటకలాడాయి.

"ఏమండీ? ఉన్నారా?"

"ఉన్నాను. అనుకోకుండా మీటలు పట్టుకున్నాను" అన్నాడు.

ఆమె ఫోన్ కట్టేసి పనిలో పడింది. మొదటి దెబ్బలు గట్టిగా ఇచ్చింది. పోనుపోనూ కుడి బూటు బరువు తగ్గించింది. తెరమీద గెడ్డంవాడు అలిసిపోతున్నాడు మరి, చప్పుడు కూడా అలిసిపోవాలి. ఎడమ బూటు మాత్రం మొదటినుంచీ చివరిదాకా ఒకేలా నెట్టింది. పిల్ల అలవలేదు. సగంలో ఆమె భుజం పట్టేసింది. తమ్ముడు ఆపుదామన్నాడు. "ఇప్పుడే బాగుందిరా, గెడ్డంవాడికీ ఇప్పుడే నొప్పి మొదలైంది" అంది.

కొండ విరిగే చివరి దెబ్బ దగ్గర ఆగింది. కారు తలుపూ, రేకూ, కంకరా పక్కకి నెట్టేసింది. అన్ని పొడి చప్పుళ్ల తర్వాత తడిది ఒక్కటి పడితే చాలనిపించింది. తువ్వాలు నీళ్లలో ముంచి పిండి, తన తొడ మీదే ఛెళ్లుమనిపించింది. తమ్ముడు చెవుల డొప్పలు లాగేసి, "అక్కా, తగిలింది" అన్నాడు.

"నాకు తెలీదా?" అంది తొడ రుద్దుకుంటూ.

మధ్యాహ్నం కంపెనీ పెద్దమనిషి మెట్లకింది ఆ గదికే వచ్చాడు. ఆయన ఆట గురించి చాలాచోట్ల మాట్లాడాడు గానీ ఎప్పుడూ ఆడలేదు. అందుకని రోజంతా ఆడి తప్పులు పట్టే ఉద్యోగంలో ఉన్న ఒక అమ్మాయిని వెంట తెచ్చుకున్నాడు. డబ్బా అనబడే కంప్యూటర్ కూడా వచ్చింది. మేనేజరు వచ్చాడు, జేబులో టేపుతో సహా. దర్శకుడు మౌనం గురించి ఇద్దరికి చెప్పి వచ్చి కూర్చున్నాడు. గుద్దులక్క వెనక గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చుంటే తొడ మండుతోంది.

తెర వెలిగింది. మొదటి పొడి దెబ్బ పడగానే దర్శకుడు గిర్రున వెనక్కి తిరిగాడు. గుద్దులక్క తెరవైపే చూసింది. రెండోది పడింది, మూడోది పడింది. అతను మేనేజరు చెవిలోకి వంగి, "ఇది నేను చెప్పింది కాదు, మీరు గుర్తుపెట్టుకోండి, నేను చెప్పింది కాదు" అన్నాడు. గుసగుసే గానీ చప్పుడు పట్టే గది కదా, అందరికీ వినపడింది.

ఆట అమ్మాయికి మాత్రం అది కూడా వినపడలేదు. ముందుకి జరిగి కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్లో ఖాళీగా ఉన్న ఆమె బొటనవేళ్లు కదులుతున్నాయి. పొడి దెబ్బ పడ్డప్పుడల్లా ఎడమ వేలు నొక్కుతోంది. గెడ్డంవాడి చప్పుళ్లు నీరసపడుతుంటే ఆమె ఊపిరి బిగబట్టింది. వాడు చెయ్యి వెనక్కి లాగాడు. కుడి వేలు నొక్కుకుంది. తడి చప్పుడు పడింది.

"హమ్మయ్య" అంది అమ్మాయి, పైకే.

దీపాలు వేశారు. పెద్దమనిషి ఆమెవైపు తిరిగాడు. "ఎలా ఉంది?"

"ఒక్కటి కూడా తినలేదు సార్. చివరిదాకా కాచుకుని కాచుకుని, టైము చూసి కొట్టింది. బాగా ఆడింది."

"చప్పుళ్లు మార్చాలా?"

"ఎందుకు సార్? కళ్లు మూసుకున్నా తెలుస్తోంది."

దర్శకుడు అప్పటికే లేచి నిలబడ్డాడు. మఫ్లరు సర్దుకున్నాడు. "ఓర్పు. ఈ సినిమా అంతా ఓర్పు గురించే. ఆమె ఓడిపోవడం లేదు, ఓర్చుకుంటోంది. అక్కతో మొదటి రోజునుంచీ నేను చెబుతున్నది ఒక్కటే, తగలనిది వినిపించాలక్కా అని. కదక్కా?"

"అవును బాబూ" అంది గుద్దులక్క. "నాకే వినపడలేదు."

తమ్ముడికి మళ్లీ ఏదో కింద పడింది. సినిమా విడుదలయ్యాక పేర్లలో 'శబ్ద తత్వం' అని కొత్తగా ఒక వరస కనిపించింది, దాని కింద దర్శకుడి పేరే ఉంది. ఆ తత్వంలో బూట్లజత వాటా ఎంతో ఎవరూ వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం పెద్దమనిషి డబ్బా మూయించాడు. మేనేజరు చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది. అంతటితో అయిపోయేదే గానీ, పెద్దమనిషి లేస్తూ గుద్దులక్క దగ్గరికి వచ్చాడు.

"చాలా బాగా చేశారమ్మా. ఆ దెబ్బల్ని విడివిడిగా కోసి మా డబ్బాలో వేసుకుంటాం. రాబోయే సినిమాలకి మళ్లీ మీకు శ్రమ ఉండదు."

"శ్రమ లేకపోతే నేనేం చెయ్యాలి బాబూ?"

"విశ్రాంతి తీసుకోవచ్చు కదా."

"మా ఇంట్లో ఆ పని చేసేవాళ్లు ఒకరున్నారు. ఇద్దరైతే ఇల్లు గడవదు." ఆమె నవ్వలేదు. "కోసుకుంటే కోసుకోండి. కానీ అది ఒకే పోట్లాట. కొట్టేవాడు అలిసిపోతూ వచ్చాడు, నా చెయ్యీ వాడితోపాటే అలిసింది. మధ్యలోంచి ఒకటి కోస్తే మీ చేతికి వచ్చేది బూటు చప్పుడు. ఇంకో పోట్లాటకి ఇంకో అలుపు కావాలి, దానికి ఇంకోసారి కొట్టాలి. ఇదైతే ఈ సినిమాకి ఇచ్చాను, తీసుకెళ్లండి."

పెద్దమనిషి ఆట అమ్మాయివైపు చూశాడు. అమ్మాయి తలూపింది. "నిజమే సార్. ఒక్కటి వింటే ఏమీ తెలీదు" అంది. ఆయన మేనేజరుతో, "మరి రెండో భాగానికి కూడా ఈ గది ఉంటుందిగా?" అన్నాడు. మేనేజరు, ఉంటుంది సార్, ఎక్కడికి పోతుంది సార్ అన్నాడు.

తమ్ముడు పోరాటం మొత్తాన్ని చిన్న డిస్కులోకి ఎక్కించి ఆమెకే ఇచ్చాడు. పని అప్పగించడం ఎప్పుడూ ఆమె చేత్తోనే. గుద్దులక్క చేతులు పొడిగుడ్డతో తుడుచుకుంది. బూట్లలో నలిగిన ముంజేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. డిస్కుని రెండు వేళ్లతో పట్టుకుని పెద్దమనిషి అరచేతిలో పెట్టింది.

"చివరి దెబ్బ దగ్గర సంగీతం తగ్గించమనండి" అంది.

ఆయన సరేనని దాన్ని సంచిలో వేసుకుని జిప్పు లాగాడు.